భూమిని కొలిచిన రెండు కన్నులు

బొబ్బిలి యనగానే తెలుగువారి మనస్సున మొదట మెదలునది 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీ. ఆనాటి కోట ముట్టడి, రంగారాయని పౌరుషము, అంతఃపుర స్త్రీల బలిదానము, తాండ్ర పాపారాయని ప్రతీకారము ఈ సీమలో పసిపిల్లలకు సైతము తెలిసినవే. ఆ కథనంతయు ఇచట మరల చెప్పవలసిన పని లేదు. కాని ఆ కథలో పలువురు చూచియు చూడనట్లు విడిచిపోవు చిన్న మాట యొకటి కలదు. ఆనాటి దండయాత్రలను గూర్చి విపులముగా వ్రాసిన కుంపిణీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్, 1778లో వెలువడిన తన గ్రంథభాగమున, బొబ్బిలి విజయనగరముల వైరమునకు కారణములు చెప్పుచు, బొబ్బిలివారు కొండలనుండి దిగివచ్చు వాగుల నీటిని తమవైపు మరల్చుకొనుచుండిరనియు, అది విజయరామరాజునకు కంటగింపయ్యెననియు పేర్కొనెను.

వైరమునకు కారణము నీరు ఒక్కటే కాదు. కులగర్వము కలదు, పేష్కషు తగవు కలదు, బుస్సీ దొర సైన్యబలము కలదు. అయినను వాగునీరు ఆ తగవులో నొక పాలు పంచుకొన్నదన్న మాట ఆలోచింపదగినది. నీరు పల్లమెరుగును. ఏ గెడ్డ సహజముగా ఎటు పారును, ఏ గట్టు వేసిన ఎవరి చేను తడియును, ఎవరి చేను ఎండును అన్న ప్రశ్నలకు సమాధానము భూమి వాలులోనే యున్నది. ఆ వాలును కొలిచి, కాగితముపై వ్రాసి, ఇరుపక్షములవారి యెదుట పరచగల సాధనము ఆనాడు ఎవరియొద్దను లేదు. కొలత లేనిచోట మాటకు మాట పెరుగును. మాట పెరిగినచోట కత్తి లేచును.

భూమిని కొలుచు విద్య ఈ సీమకు ఎట్లు వచ్చినది, అది ఎవరి చేతులనుండి ఎవరి చేతులకు మారినది, నేడు ఆ విద్య ఒక పల్లెటూరి గ్రంథాలయపు బల్లమీదికి సైతము రాగల స్థితి ఎట్లు కలిగినది అనునది ఈ వ్యాసమున చెప్పదలచిన విషయము.

పూర్వుల కొలతలు

భూమి కొలుచుట ఈ దేశమునకు క్రొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున దండము, రజ్జువు మొదలగు మానములు చెప్పబడినవి; పది దండములు ఒక రజ్జువని లెక్క. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమున క్షేత్రగణితమునకును, నీడనుబట్టి ఎత్తులు గట్టు ఛాయావ్యవహారమునకును వేరువేరు ప్రకరణములు కలవు. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెనిగించెను. అనగా తెలుగుభాషలో తొలినాళ్ల కావ్యములు పుట్టుచున్న కాలముననే గణితము కూడ తెలుగున పుట్టినది. కొండ ఎక్కకయే కొండ ఎత్తు కనుగొనవచ్చునన్న భావము మన పెద్దలకు పరాయిది కాదు.

కాని శాస్త్రము వేరు, ఊరి వాడుక వేరు. పల్లెలలో భూమిని విత్తుబడినిబట్టి చెప్పుట పరిపాటి. పుట్టెడు విత్తనముల భూమి, తూమెడు విత్తనముల భూమి అనెడివారు. అది పంటను చెప్పునే గాని పొడవు వెడల్పులను చెప్పదు. పల్లపు భూమిలో తూమెడు వేరు, మెట్టలో తూమెడు వేరు. హద్దులు కూడ చెట్టు, పుట్ట, గెడ్డ, బాట పేర్లతోనే చెప్పబడుచుండెను. చెట్టు కూలినను, గెడ్డ దారి మార్చుకొన్నను హద్దు కూడ కదలును.

1802: రెండు పనులు

1802వ సంవత్సరము ఈ చరిత్రలో మిక్కిలి గుర్తుంచుకొనదగినది. ఆ యేట చెన్నపట్టణపు ప్రభుత్వమువారి 25వ రెగ్యులేషను వెలువడినది. దానినిబట్టి ఉత్తర సర్కారులలో జమీందారులకు శాశ్వత పేష్కషు నిర్ణయింపబడినది. ఆ నిర్ణయము ప్రతి పొలమును గొలుసుతో కొలిచి చేసినది కాదు. వెనుకటి రాబడి లెక్కలను, అంచనాలను ఆధారము చేసికొని చేసినది.

ఆ యేటనే, ఏప్రిల్ 10వ తేదీన, చెన్నపట్టణము చెంతనున్న పరంగికొండ ప్రాంతమున విలియం లాంబ్టన్ అను దొర ఉక్కు గొలుసుతో ఒక సరళరేఖను కొలువ నారంభించెను. సుమారు ఏడున్నర మైళ్ల ఆ రేఖ పూర్తియగుటకు పలు వారములు పట్టినది. ఆ రేఖకు ఆధారరేఖ యని పేరు. ఒక త్రిభుజమున ఒక భుజము కొలిచి, రెండు కోణములు చూచినచో, తక్కిన రెండు భుజములు లెక్కకు దొరకును. ఆ భుజములపై మరల త్రిభుజములు, వానిపై మరల త్రిభుజములు. ఇట్లు కొండకొమ్మునుండి కొండకొమ్మునకు చూపుతో లంకె వేయుచు దేశమంతయు కొలిచిన ఆ మహాకార్యమునకు మహాత్రికోణమితి సర్వే యని పేరు వచ్చినది.

ఒకవైపు కొలత లేని శాశ్వతము, మరియొకవైపు అంగుళములకు సైతము లెక్క చెప్పు కొలత. రెండును ఒకే ప్రభుత్వము, ఒకే యేట, ఒకే రాజధానినుండి సాగించిన పనులు. మొదటిది రయితు గడపకు వచ్చినది. రెండవది రయితు తల పైనుండి, కొండ తలలమీదుగా పోయినది.

ఆ త్రికోణముల లంకె మన ప్రాంతమునకు కూడ వచ్చినది. లెక్కలలో చేరు పొరపాట్లను సరిచూచుకొనుటకు అక్కడక్కడ క్రొత్త ఆధారరేఖలను మరల నేలపై కొలువవలసి యుండెను. అట్టివానిలో విశాఖపట్టణపు ఆధారరేఖ 1862-63లో కొలువబడినది. దానికి కోల్బీ అను నతడు కల్పించిన కడ్డీలను వాడిరి. ఎండకు ఇనుము ఒక తీరున, ఇత్తడి ఒక తీరున సాగును. ఆ రెంటిని జంటగా కూర్చి, ఒకదాని సాగుదలను వేరొకదానితో సరిపుచ్చి, ఎండలోను చలిలోను పొడవు మారని కొలబద్దను సాధించుట అందలి నేర్పు. ఇంత శ్రమ ఎందులకన, మొదటి రేఖలో వెంట్రుకవాసి తప్పు జరిగినచో చివరి త్రిభుజమున అది మిక్కిలి పెరుగును. లెక్క వ్రాయువారికి ఇది తెలియనిది కాదు: నిలవ మొత్తము తప్పు వ్రాసినచో పుస్తకమంతయు తప్పే.

గొలుసు, సెంటు, హద్దురాయి

కొండల కొలత అట్లుండగా పొలముల కొలత నెమ్మదిగా వచ్చినది. అందులకు వాడినది గంటర్ గొలుసు: 66 అడుగుల పొడవు, 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక యకరము. వేయి చదరపు లింకులు ఒక సెంటు. పదులతోను వందలతోను తేలికగా సరిపోవుటచే ఈ లెక్క కరణముల నాలుకపై నిలిచినది. ప్రభుత్వపు రయితువారీ గ్రామములలో 1858 తరువాత ఈ కొలత క్రమముగా సాగినది. జమీందారీ గ్రామములలో మాత్రము ఆలస్యమైనది. 1923వ సంవత్సరపు సర్వే, హద్దుల చట్టము, పిదప 1948వ సంవత్సరపు ఎస్టేటుల రద్దు చట్టము వచ్చినవి. జమీందారీలు పోయి, సర్వే, సెటిల్‌మెంటు జరిగి, సర్వే నంబరు, ఎఫ్.ఎం.బి., అడంగలు మొదలగు మాటలు ఈ గ్రామములలో ఇంటింట వాడుకలోనికి వచ్చినవి.

అప్పటికి బొబ్బిలి 1950లో ఏర్పడిన శ్రీకాకుళము జిల్లాలో చేరియుండెను. 1979లో విజయనగరము జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినది. జిల్లాలు మారినను హద్దురాళ్లు మారలేదు. మారలేదనుట కూడ పూర్తిగా నిజము కాదు. కొన్ని రాళ్లు పెరికివేయబడినవి, కొన్ని గట్లలో పూడినవి. గొలుసుకొలత పొడవు వెడల్పులను చెప్పినది గాని ఎత్తుపల్లములను చెప్పలేదు. ఏ చేను ఎంత విస్తీర్ణమో పటములో కలదు. ఏ చేను ఎంత ఎత్తున నున్నదో, నీరు ఎటు వాలునో లేదు. 1757 నాటి ప్రశ్నకు సమాధానము ఇంకను మిగిలియే యున్నది.

రెండు కన్నుల విద్య

ఎత్తుపల్లముల పటము వ్రాయుటకు సర్వే శాఖవారు కొండకొండ తిరిగి సమోన్నత రేఖలు గీయుచుండిరి. అది కష్టమైన పని. దానిని సులభము చేసినది వేరొక వింత విద్య. దాని మూలము ప్రతివాని ముఖముననే యున్నది.

పాఠకులెవరైనను బొటనవ్రేలిని ముక్కునకు ఎదురుగా చాచి, ఒక కన్ను మూసి చూచి, పిదప రెండవ కన్ను మూసి చూచినచో, వెనుకనున్న గోడపై వ్రేలు ఇటునటు జరిగినట్లు తోచును. వ్రేలు దగ్గరగా నున్నకొలది జరుగుడు ఎక్కువ, దూరముగా నున్నకొలది తక్కువ. ఈ జరుగుడునుబట్టియే మనస్సు దూరమును లెక్కగట్టుచున్నది. 1838లో ఇంగ్లాండున చార్లెస్ వీట్‌స్టన్ ఈ రహస్యమును విప్పి, రెండు బొమ్మలను రెండు కన్నులకు వేరువేరుగా చూపి, బల్లపరుపు కాగితమునుండి లోతును పుట్టించు స్టీరియోస్కోపు అను సాధనమును లోకమునకు చూపెను.

ఛాయాచిత్రము పుట్టిన పిదప దానితో పటము వ్రాయవచ్చునని ఫ్రాన్సు దేశమున లోసెదా అను సైనికోద్యోగి పూనుకొనెను. జర్మనీలో మైడెన్‌బౌవర్ అను నతడు 1858లో వెట్జ్‌లర్ నగరపు పెద్ద చర్చిని కొలుచుచు, ఎత్తునుండి జారి పడబోయి, తృటిలో బ్రతికెను. ప్రాణముమీదికి తెచ్చు ఈ కొలత కంటె చిత్రము తీసి, ఆ చిత్రమును కొలుచుట మేలుగదా యని అతనికి తోచినది. చిత్రములనుండి కొలుచు ఈ విద్యకు ఫోటోగ్రామెట్రీ యని పేరు పెట్టినవాడు అతడే. మన భాషలో ఛాయాచిత్రమితి యనవచ్చును.

జర్మనీ దేశస్థుడే యైన కార్ల్ పుల్‌ఫ్రిక్ 1901లో రెండు చిత్రములను జంటగా చూచి ఎత్తులను సూక్ష్మముగా కొలుచు యంత్రమును నిర్మించెను. రెండు కన్నుల విద్యకు ఇంత ప్రాణము పోసిన ఆ పెద్దమనిషి 1906లో ఒక కంటి చూపును కోల్పోయెను. అటుపిమ్మట రెండు కన్నుల చూపునకు సంబంధించిన మరియొక విశేషమును అతడు 1922లో వివరించెను. ఆ విశేషము నేటికిని అతని పేరనే పిలువబడుచున్నది. దానిని అతడు మాత్రము స్వయముగా చూడజాలడయ్యెను. విద్య కంటిలో లేదు, బుద్ధిలో నున్నదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

విమానములు వచ్చిన పిదప ఈ విద్య ఆకాశమునకెక్కినది. విమానము సరళముగా పోవుచు, ఒక చిత్రమునకును తరువాతి చిత్రమునకును నేల నూటికి అరువది పాళ్లు కలియునట్లు చిత్రములు తీయును. నేలపై ప్రతి స్థలము కనీసము రెండు చిత్రములలో పడును. రెండు చోట్లనుండి చూచినందున కొండకొమ్ము ఎక్కువ జరుగును, పల్లము తక్కువ జరుగును. ఆ జరుగుడును కొలిచి ఎత్తులు వ్రాయుదురు. బొబ్బిలి ప్రాంతము సర్వే ఆఫ్ ఇండియావారి పాత సంఖ్యలనుబట్టి 65 ఎన్/6 అను పటములోనిది. అట్టి పటములు వ్రాయుటలో ఈ విమానచిత్రములు ముఖ్యసాధనములైనవి. కాని అవి సామాన్యులకు దొరకునవి కావు. దేశరక్షణ కారణములచే విమానచిత్రములపైనను, అనేక పటములపైనను నిర్బంధములుండెను. యంత్రములు లక్షల వెల గలవి. విద్య దేశమునకు వచ్చినది గాని ఊరికి రాలేదు.

శ్రీహరికోటనుండి

2005వ సంవత్సరము మే 5వ తేదీన తెలుగుదేశపు గడ్డయైన శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి.-సి6 రాకెట్టు కార్టోశాట్-1 అను ఉపగ్రహమును మోసికొనిపోయెను. దానిలో రెండు కెమెరాలుండెను. ఒకటి ముందునకు 26 డిగ్రీలు వంగి చూచును, రెండవది వెనుకకు 5 డిగ్రీలు వంగి చూచును. సుమారు 618 కిలోమీటర్ల ఎత్తున పోవుచు, ముందు కన్ను చూచిన స్థలమునే వెనుక కన్ను సుమారు 52 సెకండ్ల తరువాత మరల చూచును. ఇచట రెండు కన్నుల నడుమ దూరము అంగుళములు కాదు, వందల కిలోమీటర్లు.

దాని లెక్క తెలిసికొన్నచో విద్య ఆకళింపగును. ఆ ఉపగ్రహపు చిత్రములో ఒక చుక్క నేలపై రెండున్నర మీటర్లకు సమానము. రెండు చూపుల వాలునుబట్టి, నేలపై ఒక మీటరు ఎత్తునకు చిత్రములలో సుమారు 62 సెంటీమీటర్ల జరుగుడు కలుగును. సాలూరు వైపున మన్యపు అంచున 100 మీటర్ల కొండ యున్నదనుకొన్నచో, దాని కొమ్ము రెండు చిత్రముల నడుమ 62 మీటర్లు, అనగా సుమారు 25 చుక్కలు జరుగును. ఇది స్పష్టముగా కొలువదగినదే. కాని చెరువుగట్టు మూడు మీటర్లే యున్నచో జరుగుడు ఒక చుక్కకు కూడ రాదు. ఒక చుక్క పొరపాటు చేసినచో ఎత్తులో సుమారు నాలుగు మీటర్ల పొరపాటు. నేర్పుగల లెక్కలు చుక్కలో భాగములను సైతము పోల్చగలవు. అయినను ఆకాశపు కంటికి కొండ అందినంత సులభముగా గట్టు అందదని గ్రహింపవలెను.

ఈ జంటచిత్రములనుండి హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారు దేశమంతటి ఎత్తుల పటమును తయారుచేసిరి. దానికి కార్టోడెమ్ అని పేరు. దానిలో 30 మీటర్ల ఎడముగల ప్రతిని 2009లో ఆరంభించిన భువన్ అను తమ సేవద్వారా ఉచితముగా ఇచ్చుచున్నారు. 2021 ఫిబ్రవరి 15వ తేదీన కేంద్ర ప్రభుత్వము పటములపైని పాత నిర్బంధములను చాలవరకు సడలించినది. రెండు శతాబ్దములుగా రాజ్యరహస్యమువలె కాపాడబడిన విషయము పౌరులకు తెరవబడినది.

ఉచితముగా దొరకిన యంత్రము

చిత్రములు దొరకినను వానిని పోల్చి ఎత్తులు తీయు యంత్రము కావలెను. ఆ యంత్రము నేడు ఇనుముతో చేసినది కాదు. కంప్యూటరులో నడచు లెక్కల కూర్పు. అమెరికా దేశపు నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రమువారు అంగారకుని, చంద్రుని చిత్రములనుండి అచటి కొండలోయల పటములు తీయుటకు ఏమ్స్ స్టీరియో పైప్‌లైన్ అను కూర్పును సిద్ధపరచి, దాని రహస్యములతో సహా అందరికి ఉచితముగా విడిచిరి. ఫ్రాన్సు దేశపు జాతీయ పటశాఖవారు మిక్‌మాక్ అను దానిని, మరికొందరు స్వచ్ఛంద నిపుణులు కూడి ఓపెన్ డ్రోన్ మ్యాప్ అను దానిని అట్లే ఇచ్చిరి. ఉచితమనగా వెల లేదనుట మాత్రమే కాదు. అందలి ప్రతి లెక్కను ఎవరైనను తెరచి చదువవచ్చును, దిద్దవచ్చును, ఇతరులకు పంచవచ్చును. గ్రంథాలయపు పుస్తకమునకును దీనికిని భేదము స్వల్పము.

చిత్రములు సైతము ఉచితముగా దొరకుచున్నవి. 1999 డిసెంబరులో ఎగిరిన టెర్రా ఉపగ్రహమున జపానువారు అమర్చిన ఆస్టర్ అను కెమెరా, నిటారుగా ఒకమారు, వెనుకకు వంగి ఒకమారు చూచి తీసిన జంటచిత్రములను 2016 ఏప్రిలునుండి ఎవరైనను వెల లేక పొందవచ్చును. దాని చుక్క 15 మీటర్లు. కొండల తీరును, గెడ్డల పుట్టువును తెలిసికొనుటకు చాలును, చేల వాలునకు చాలదు.

ఈ కూర్పు లోపల జరుగు పని గ్రామపెద్దలకు తెలిసినదే. తగవులో ఇద్దరు సాక్షులను వేరువేరుగా విచారింతురు. ఇద్దరును చెప్పిన గుర్తులను పోల్తురు. ఎవడు ఎచట నిలుచుండి చూచెనో తేల్తురు. పిదప జరిగినదేమో నిర్ణయింతురు. కంప్యూటరు కూడ ముందు రెండు చిత్రములలోను ఒకే రాయి, ఒకే గట్టుమూల, ఒకే చెట్టుమొదలు వంటి గుర్తులను వేలకొలది వెదకి జతపరచును. ఆ జతలనుబట్టి కెమెరా ఎచట నుండెనో, ఎటు వంగియుండెనో లెక్కగట్టును. తరువాత చుక్కచుక్కకు జరుగుడును కొలిచి ఎత్తు వ్రాయును. ఆ ఎత్తులనుండి సమోన్నత రేఖలను, నీటిదారులను తీయును.

సాక్షులు తెల్లబోవు తావులు కూడ కలవు. నిండుచెరువు నీటిపై గుర్తు ఉండదు. అచట జతపరచుటకేమియు దొరకదు. దట్టమైన తోపులో ఆకుల ఎత్తు తెలియునే గాని నేల ఎత్తు తెలియదు. ఏకరీతిగా పెరిగిన వరిచేనిలో ఒక దుబ్బును వేరొక దుబ్బుగా పొరబడవచ్చును. వానకాలపు మబ్బులలో చిత్రమే ఉండదు.

చెరువు కథ

ఈ విద్యవలన బొబ్బిలి సీమ పల్లెలకు కలుగు మేలు చెరువు దగ్గర స్పష్టముగా కనబడును. కొండలనుండి దిగు నీటిని వేగవతి, సువర్ణముఖి నదులు కొనిపోయి, వంగర మండలపు సంగాము వద్ద నాగావళిలో కలుపును. ఆ నడుమ నీటిని ఆపి పంటకు పెట్టునవి చెరువులు. చెరువు ఏటేట పూడును. ఎంత పూడినదో తెలియదు. అంచులు ఆక్రమింపబడును. ఏ మేరకు ఆక్రమింపబడినదో వాదమే గాని రుజువుండదు. పూడిక తీసినప్పుడు ఎంత మట్టి తీసిరో లెక్క కాగితముమీద నుండును, నేలమీద నున్నదో లేదో చూచువారుండరు.

వైశాఖమాసమున చెరువు ఎండినప్పుడు, ప్రభుత్వ నియమములకు లోబడి డ్రోనుతో నేమి, చిన్న కుంటయైనచో గట్టుమీదుగా నడచుచు సామాన్యమైన ఫోను కెమెరాతో నేమి, ఒకదానిపై నొకటి చాలవరకు కలియునట్లు చిత్రములు తీసి, పైన చెప్పిన ఉచితపు కూర్పునకు ఇచ్చినచో, చెరువు అడుగు తీరు అంతయు కంప్యూటరుపై నిలుచును. డ్రోను చిత్రములలో చుక్క కొన్ని సెంటీమీటర్లే యగుటచే గట్టు, అలుగు, మదుము సైతము స్పష్టపడును. పూడిక తీయకమున్ను ఒకమారు, తీసిన పిదప ఒకమారు ఇట్లు చేసినచో, తీసిన మట్టి యెంతో తేలును. పది యకరముల చెరువులో ఒక అడుగు పూడిక యనగా 4,35,600 ఘనపుటడుగులు. అంత నీరు నిలువవలసిన చోట మట్టి నిలిచియున్నదన్న మాట. ఈ సంఖ్య గ్రామసభలో చదివినప్పుడు దానికి బదులు చెప్పక తప్పదు.

అయితే ఇచట ఒక సూక్ష్మము కలదు. తావులు నమోదు కాని వట్టి చిత్రములనుండి పుట్టిన ఆకృతికి రూపముండును గాని పరిమాణముండదు. అది నిజమైన చెరువో, పళ్లెములోని బొమ్మచెరువో చిత్రములు తమంత తాము చెప్పలేవు. నేలపై రెండు రాళ్ల నడుమ దూరమును ఒకరు గొలుసుతోనో టేపుతోనో కొలిచి చెప్పవలెను. రెండు మూడు తావుల ఎత్తులను తాపీమేస్త్రీలు వాడు నీటిగొట్టముతోనైనను సరిచూచి చెప్పవలెను. అప్పుడే లెక్కకు ప్రాణము వచ్చును. 1802లో పరంగికొండ చెంత లాంబ్టన్ ఉక్కు గొలుసు పరచినదియు, 1862-63లో విశాఖపట్టణపు ప్రాంతమున ఇనుప ఇత్తడి కడ్డీలు పేర్చినదియు ఇందుకొరకే. ఆకాశమునకు ఎంత ఎత్తుగా ఎగిరినను కొలతకు మొదటి రేఖ నేలమీదనే గీయవలెను. ఆ నేలను ఎరిగినవారే గీయవలెను.

తెలిసిన ఊరు

ఈ మాట నేడు మరింత గుర్తుంచుకొనదగినది. 2020 డిసెంబరు 21వ తేదీన ఆంధ్రప్రదేశమున భూముల పునస్సర్వే ఆరంభమైనది. ఒక శతాబ్దపు గొలుసుకొలత తరువాత గ్రామములపై డ్రోనులు ఎగిరినవి. వానితో తీసిన పటములు కూడ ఈ జంటచూపు విద్యతో పుట్టినవే. పనిలో వేగము వచ్చినది. అయినను పలు గ్రామములలో విస్తీర్ణములు తేడాపడినవని రయితులు అభ్యంతరములు తెలిపిరి. డ్రోను గట్టును చూచును. ఆ గట్టు ఏ యన్నదమ్ముల పంపకములో ఎటు జరిగినదో చూడదు. చింతచెట్టు నీడలోని హద్దురాయిని అది చూడజాలదు. ఆ మాట చెప్పవలసినవాడు పొలమున నిలుచుండు రయితు. పటమును చదువనేర్చిన రయితు తన యభ్యంతరమును గట్టిగా చెప్పగలడు. చదువనేరని రయితు పటమునకు దండము పెట్టి వెనుదిరుగును.

పూర్వము పటము కోటలో నుండెను. పిదప కచేరీ బీరువాలోనికి వచ్చినది. ఇప్పుడు అది ఊరి గ్రంథాలయపు బల్లమీదికి రావచ్చును. రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు పుస్తకములను భద్రపరచినట్లే, రానున్న సంవత్సరములలో ఊరి చెరువుల కొలతలను, గెడ్డల పేర్లను, హద్దురాళ్ల తావులను యేటేట భద్రపరచినచో, అది ఏ గ్రంథమునకు తీసిపోని గ్రంథమగును. కంప్యూటరు నేర్చిన యువకులు చిత్రములను జతపరుతురు. వృద్ధులు ఏ గెడ్డ పూర్వమెటు పారెనో చెప్పుదురు. ఒక కన్ను యువకులది, ఒక కన్ను వృద్ధులది. రెండును కలిసినప్పుడే లోతు తెలియును.

1757లో ఇరుపక్షములవారి నడుమ పారిన వాగునకు పటము లేదు. ఆనాటి వీరుల స్మృతికి 1891లో నిలిపిన స్తంభము బొబ్బిలిలో నేటికిని నిలిచి, పౌరుషమును గుర్తుచేయుచున్నది. ఊరూర నీటివాలు తెలిసి, చెరువు కొలత తెలిసి, తగవు వచ్చినప్పుడు పటము పరచుకొని కూర్చుండు జనులున్నచో, అట్టి స్తంభము మరియొకటి నిలుపవలసిన యవసరము ఈ సీమకు రాకుండునుగాక.